ఎత్తు కుర్చీల వడ్రంగి

మోకాళ్ళు అరిగాయని తెలియగానే ఒక వడ్రంగి తన ఇంట్లో ప్రతి కుర్చీ కాళ్ళకీ చెక్కదిమ్మలు బిగించాడు. మూలగకుండా లేవచ్చు మరి. "నా పనితనం ముందు డాక్టర్లెంత!" అని మీసం దువ్వుకునేవాడు. పొట్టి భార్య మాత్రం కాళ్ళు గాల్లో వేలాడేసుకుని అన్నం తినేది. చివరికి తన కొట్టు మెట్లు కూడా ఎక్కలేక, వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. ఆమె తొడ నొక్కి చూసి, "ఇక్కడ కండ కరిగిపోయింది బాబాయ్. అందుకే బరువంతా మోకాలి మీద పడుతోంది. రోజూ మామూలు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి," అంది. "మామూలు కుర్చీ ఒక్కటీ మిగల్చలేదమ్మా," అని తన తెలివికి తనే దండం పెట్టుకున్నాడు. కుర్చీ ఊగుతోందని వచ్చినవాళ్ళకి "అతుకునేం తిట్టకండి, దాన్ని పట్టి ఉంచే అడ్డకర్ర బిగించాలి" అని చెప్పే నోరు తనదే! ఇంటికొచ్చి దిమ్మలు ఊడదీశాడు. కూర్చుని, "అమ్మో" అంటూ లేచాడు. భార్య కూర్చుని పాదాలు నేలకు ఆనించింది. "హమ్మయ్య! మీ తొడల పుణ్యమా అని నేను నేల మీదికొచ్చాను."