మోటారు షెడ్డులో కందిరీగలు

పత్తికి పచ్చపురుగు పట్టి ఊరంతా మందు కంపు కొట్టిన ఆ ఏళ్లలో, మా ఇంట్లో యుద్ధం కందిరీగలతో. చిలకలూరిపేట దగ్గర మా మిరప చేలో మోటారు షెడ్డు ఉండేది. లోపల గోడకి స్టార్టరు పెట్టె, దాని పైనే వాసానికి కందిరీగల పట్టు. ఒకరోజు నాన్న మెడ మీద ఒకే ఒక్కటి కుట్టింది. ఇంటికొచ్చేసరికి పెదాలు ఉబ్బిపోయి, ఊపిరాడక గుడ్లు తేలేశాడు. ట్రాక్టరు మీద పడేసి పేటకి తీసుకెళ్లి ఇంజెక్షను చేయిస్తే బతికాడు. ఇంకోసారి కుడితే ఇక్కడిదాకా రాలేరని డాక్టరుగారు మొహమ్మీదే చెప్పేశారు.

ఇంకో మనిషైతే ఆ షెడ్డు ఛాయలకి వెళ్లడు. మా నాన్న పంతం పట్టాడు. కోపమొస్తే ఆయనకి నోటికంటే ముందు చెయ్యి లేచేది. అమ్మ మీద, నా మీద, ఎద్దు మీద. ఆయన లెక్కలో కందిరీగలు కూడా మాట వినని ఇంటి మనుషులే. పత్తికట్టెకి గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి పట్టుని కాల్చాడు. దాంతో పాటు వైర్లూ కాలాయి. రెక్కలు కాలి నేలమీద పాకుతున్నవాటిని చెప్పుకాలితో నలిపాడు. కొన్నాళ్లకి అదే వాసానికి మళ్లీ పట్టు పెట్టాయి.

అప్పుడు మందు పంపు తెచ్చాడు. మా వైపు పత్తికి కొట్టగా మిగిలిన మందుని ఎవరూ పారబోసేవాళ్లు కాదు. చీమలకీ, కోళ్లగూటిలో పేలకీ, మంచంలో నల్లులకీ అదే కొట్టేవాళ్లు. నాన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి పట్టు మీదకి కొట్టాడు. కందిరీగలు టపటపా రాలాయి. కిటికీ బయట ఉన్న సిమెంటు తొట్టిలోకి ఎంత మందు పోయిందో ఆయన చూసుకోలేదు. సాయంత్రం మా గేదె ఆ తొట్టిలోనే నీళ్లు తాగింది.

నురగలు కక్కుతూ, కాళ్లు కొట్టుకుంటూ, కొమ్ములతో నేల తవ్వుకుంటూ చచ్చిపోయింది. తల పట్టుకోబోయిన అమ్మకి కొమ్ము తగిలి మోచెయ్యి చీరుకుపోయింది. ఆ రక్తంతోనే లేచి, పంపుని రాతికేసి పగిలేదాకా బాదింది.

"కందిరీగ నిన్ను చంపుద్దో లేదో గానీ, నువ్వు మమ్మల్నందర్నీ చంపేట్టున్నావయ్యా!"

నాన్న ఆమె చెంప పగలగొట్టాడు. అమ్మ ఏడవలేదు. "రేపట్నించి మోటారు నేనేస్తా. నువ్వా షెడ్డు ముందరి సుబాబుల్ చెట్లు దాటి వచ్చావంటే నా మీద ఒట్టే," అంది. నాన్నంటే నాకు అసహ్యం వేసింది. కుడితే కుట్టనీ, పీడా పోద్ది అని కూడా అనుకున్నాను.

కొన్నాళ్లకి కందిరీగలు మళ్లీ వచ్చి అక్కడే పట్టు పెట్టాయి. అమ్మ పద్ధతి వేరు. వెళ్లేముందు తలలో పూలు తీసేసేది, కొంగు బొడ్లో దోపుకునేది. తలుపు విసురుగా తీస్తే పట్టంతా గుయ్యిమనేది, మెల్లగా తీస్తే పట్టించుకునేది కాదు. కందిరీగలు వచ్చిపోయే కిటికీకి అడ్డం రాకుండా గోడవారగా నడిచి, పచ్చబటన్ నొక్కి, అలాగే వెనక్కి వచ్చేది. నాకూ అదే నేర్పింది. "మీద వాలితే వాలనీ. దులిపావో, చచ్చావే." నేర్చుకునేలోపు చాలాసార్లే కుట్టించుకున్నాను. ఒకసారి చెయ్యి బూరెలా ఉబ్బితే, రోషమొచ్చి చీపురు తీశాను. అమ్మ అది లాక్కుని దాంతోనే నన్ను బాదింది. మా ఇంట్లో శాంతం కూడా దెబ్బలతోనే నేర్పేవాళ్లు.

అమ్మకి జ్వరమొచ్చి షెడ్డులోకి నేనొక్కదాన్నే వెళ్లిన రోజది. నాన్న చెట్ల కింద ఆగిపోయాడు. బటన్ మీద చెయ్యి వెయ్యబోతుంటే ఒక కందిరీగ నా కంటి కింద వాలింది. కదల్లేదు నేను. ఎంతకీ మోటారు చప్పుడు వినపడకపోయేసరికి నాన్న ఒట్టు మర్చిపోయి లోపలికి వచ్చేశాడు. నా మొహం మీద కందిరీగని చూశాడు. చెయ్యి లేచింది.

ఆ దెబ్బ పడితే నా మొహం వాచేది, ఆయన ప్రాణం పోయేది. పట్టు మా ఇద్దరి నెత్తిమీదే ఉంది. అప్పుడు తెలిసింది, ఆయన చావడం నాకు ఇష్టం లేదని. "నాన్నా, వద్దు," అన్నాను పెదాలు కదపకుండా.

చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన పళ్లు కొరుక్కోవడం నాకు వినిపించింది. కందిరీగ నా చెంప మీదుగా పెదవి దాకా నడిచింది, కాసేపు ఆగింది, లేచి కిటికీలోంచి వెళ్లిపోయింది. నాన్న ఆ చేత్తోనే పచ్చబటన్ నొక్కాడు. ఇద్దరం గోడవారగా, మెల్లగా బయటికొచ్చాం.

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "కుట్టిందా?" అన్నాడు. లేదన్నాను. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానికేసే చూస్తున్నాడు. పట్టుకుందామనిపించింది, కానీ భయమేసి పట్టుకోలేదు.