దోనెలో నిలబడకూడదు

తాడేపల్లిగూడెంలో మా కాలేజీ వేదికకు తెర లాగేది నేనే. తాడు లాగి లాగి కాయలు కాసిన రెండు అరచేతులూ చాపి ఒట్టేసి చెబుతున్నాను, ఈ రాసేదంతా అక్షరాలా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

నా అసలు ఉద్యోగం కెమిస్ట్రీ ల్యాబులో. నాటకాలప్పుడు మాత్రం తెర నాది. ఈ మధ్య డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి ఒకతె నాటకం రాసుకొచ్చింది. కొల్లేటి లంకలో ఊరి ఉమ్మడి చేపలచెరువు గట్టును సర్కారువాళ్లు యంత్రాలతో కొట్టేస్తే, బతుకుతెరువు పోయి దోనెలో ఊరు విడిచిన కుటుంబం కథ. చివర్లో కోర్టు, జడ్జి, తీర్పు. అది వాళ్ల అమ్మమ్మ కథేనట. అప్పటికి ఈ పిల్ల ఇంకా పుట్టనే లేదు.

“అమ్మమ్మ ఏం చెప్పిందమ్మా?” అని అడిగాను.

“ఏమీ చెప్పదండి. ఎప్పుడడిగినా ‘అన్నం తిను’ అంటుందండి. కానీ మా ఇంట్లో ఓ బట్టల మూట ఎప్పుడూ కట్టే ఉంటుందండి. అమ్మా కడుతుంది. హాస్టల్లో నా మంచం కింద నాదీ ఉంది. ఎందుకు కట్టానో నాకే తెలీదండి.”

నాటకం చూశాకైనా అమ్మమ్మ నోరు విప్పాలి. ఆ పిల్ల కోరిక అదొక్కటే. అప్పటికీ చెప్పకపోతే ఇక జన్మలో అడగనంది.

ఆకివీడు నుంచి చేపల లారీలో అసలైన తాటిదోనె దిగింది. తాటిమొద్దును తొలిచి చేసింది కదా, అడుగు గుండ్రం. చెక్క వేదిక మీద కూడా ఊగేది. దాని వాసనకు ప్రిన్సిపాల్ గారు, ఆయన వెనకే స్టాఫంతా మొదటి వరుస నుంచి ఐదో వరుసకు మారారు. ఆ ఖాళీ అయిన వరుసను అమ్మమ్మ, లంక నుంచి వచ్చిన చుట్టాలు నింపేశారు.

ఊరు విడిచే ఘట్టం వచ్చింది. తాత వేషం కుర్రాడు దోనెలో నిటారుగా నిలబడి, చేతులు రెండూ పైకెత్తి “ఓ నా నీటితల్లీ!” అని అందుకున్నాడు.

“కూర్చోరా అబ్బాయ్, బోల్తా కొట్టేస్తావ్!” అమ్మమ్మ కేక.

వాడు ఆగలేదు. మొదటి వరుస మొత్తం లేచింది.

“కూర్చోవయ్యా బాబూ!”

“ఏవండీ, ఎప్పుడైనా దోనె ఎక్కిన మొహమేనా అది?”

అంతలో దోనె నిజంగానే ఒరిగింది. తాతగారి గడ్డం ఊడిపడింది. హాలంతా ఒకటే నవ్వు. తెర పక్కన నా దగ్గర నిలబడ్డ ఆ పిల్ల మాత్రం ముఖం చేతుల్లో దాచుకుంది. “పోయిందండి. అంతా పోయింది.”

చూస్తుండగానే అమ్మమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి వేదిక ఎక్కేసింది. దోనెలో కాళ్లు మడుచుకుని కూర్చుని, మనవరాలిని పిలిచింది.

“ఇలా కూర్చోవాలి. బరువు మధ్యలో ఉండాలి. రావే, ఇక్కడ కూర్చో. మీ అమ్మ ఇక్కడే కూర్చుంది ఆ రోజు.”

పిల్ల వెళ్లి కూర్చుంది. “ఏడ్చావా అమ్మమ్మా?”

“ఏడిస్తే దోనె ఊగదూ? మీ అమ్మ భయపడుతోందని కొర్రమేను కథ చెప్పాను. బస్సంత కొర్రమేను. పోస్టుమాస్టరు సైకిలు మింగేసింది. అప్పట్నుంచీ దోనె ఎదురైతే చాలు, లోపల్నుంచి బెల్లు కొడుతుంది! రోడ్డెక్కేదాకా చెబుతూనే ఉన్నాను. ఎక్కాక ఇంక నాకు మాట రాలేదే.”

అబద్ధాల్లో నన్ను మించినవాళ్లు లేరని ఇన్నేళ్లూ అనుకున్నాను. తెర వెనక నుంచే ఆవిడకు దణ్ణం పెట్టేశాను.

వేదిక మీద ఓ మూల కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న జడ్జి వేషం కుర్రాడు ఏం చెయ్యాలో తోచక తన డైలాగే అప్పజెప్పాడు. “మీరు కోరే న్యాయమేమిటి?”

“ముందు ఆ కుర్చీ దిగి ఇలా రా బాబూ. ఇందులో కూర్చుంటే మా ఊరు ఎలా కనబడిందో చూడు. తీర్పు తర్వాత చెబుదువుగాని.”

జడ్జి నల్లకోటు ఎత్తిపట్టుకుని దోనెలో కాలు పెట్టాడు. దోనె ఊగింది. “కదలకండి జడ్జిగారూ!” అని హాలంతా అరిచింది. బిక్కమొహం వేసి ఆయన అమ్మమ్మ భుజం పట్టుకున్నాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. జడ్జి దోనె ఎక్కలేదు. ఆవిడ పిలవడం వరకే నిజం. ఆ కుర్రాడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని నా వైపు చూశాడు. నేను కంగారులో తెర లాగేశాను. ఆవిడ పిలుపుకు జవాబు లేకుండానే నాటకం అయిపోయింది. అది మనసులో ముల్లులా ఉండిపోయి, మర్నాడు క్యాంటీన్లో చెప్పేటప్పుడు జడ్జిని దోనె ఎక్కించేశాను. ఆ పిల్ల పక్క బల్ల దగ్గర కూర్చుని అంతా రాసుకుని నాటకంలో పెట్టేసింది. తర్వాత ఏలూరులో అదే నాటకం ఆడినప్పుడు జడ్జి నిజంగానే కుర్చీ దిగి వచ్చి ఎక్కాడు. కదలొద్దని అరిచింది మాత్రం హాలు కాదు, మొదటి వరుసలో ఉన్న అమ్మమ్మే.