ఓడ మీది విందుకు కుట్టించిన సూటు

మా ముత్తాత మానేరు ఏటి పక్కన మా ఊళ్ళో గడీకి పట్టు రుమాళ్ళు నేసిచ్చినవాడు. దొర తలకు చుట్టుకునే రుమాలు మా ఇంటి మగ్గం మీద దిగిందే అయివుండాలి. మా తాత చేతి కింద నలభై గుంట మగ్గాలు నడిచేవి. కులపెద్దల్లో మొదటి మాట ఆయనది, పెళ్ళిళ్ళలో మొదటి తాంబూలం ఆయనకు. నూలు ఆయనదే, మగ్గాలూ ఆయనవే. నేసేవాళ్ళకు కూలి ఇచ్చేవాడు. పడుగు అయిపోయినప్పుడు చివర మిగిలే మూరెడు, రెండు మూరల ముక్క మాత్రం నేసినవాడికే చెందేది. మా నాన్న ఊరు విడిచి సూరత్‌కు వచ్చి ఇరవై నాలుగు మరమగ్గాలు, మావాళ్ళ మాటలో సాంచెలు, పెట్టాడు. నా చేతికి వచ్చేసరికి అవి పన్నెండు.

మా ఇంట్లో ఇంకొక పద్ధతి ఉండేది. మగవాళ్ళు నలుగురి మధ్య విస్తరి ముందు కూర్చుంటే ఒంటి మీద సొంత మగ్గం గుడ్డే ఉండాలి. పెళ్ళి విందుకైనా, చావు భోజనానికైనా అంతే. మా తాత బయటి గుడ్డ కట్టుకుని ఎవరింటా ముద్ద ముట్టలేదు. నా పెళ్ళి ధోవతి కూడా ఆయన అట్టిపెట్టిన పాత మగ్గం మీద నేసిందే.

ఈ రెండు సంగతులూ ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పొరపాటు ఈ రెండింటి నుంచే వచ్చింది.

చాలా ఏళ్ళుగా మేం మా నూలుతో నేయడం లేదు. బట్టల మార్కెట్లుండే రింగ్ రోడ్‌లో దుకాణమున్న ఒక సేటు పడుగు చుట్టిన బీములూ పేక నూలూ పంపిస్తాడు. మేం నేసి గుడ్డ ఆయన గోదాముకు తిరిగి పంపిస్తాం. నేసేది కోట్ల లోపల వేసే అస్తరు గుడ్డ. పోయిన చలికాలంలో ఆయన సూరత్ పక్కనున్న సచిన్‌లో సొంతంగా కొత్త వాటర్‌జెట్ మగ్గాలు పెట్టాడు. మావంటి పాత మగ్గాలు నాలుగు రోజుల్లో నేసేది అవి ఒక్క రోజులో నేస్తాయి. ఆయనకు నేసిపెట్టే మేం పదకొండు మందిమి. అందులో ముగ్గురినే ఉంచుకుంటానని చెప్పాడు. ఆ ముగ్గురూ ఎవరన్నది ఓడలో విందు దగ్గర చెబుతానన్నాడు. దుకాణం పెట్టి పాతికేళ్ళయిన సందర్భంగా హజీరా రేవు నుంచి సాయంత్రం సముద్రంలోకి వెళ్ళి వచ్చే ఓడలో భోజనశాల మొత్తం మాట్లాడాడు. ఆ ముగ్గురిలో లేకపోతే నా పన్నెండు మగ్గాలు ఆగిపోతాయి. సూరత్‌లో పాత మగ్గానికి బీము ఇచ్చే సేటు ఇంకొకడు దొరికే రోజులు కావు.

సేటు ఆఫీసు నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. నా భార్య పైకి చదివింది.

"మొగోళ్ళకు ముదురు రంగు సూటంట. మూసిన బూట్లంట. లుంగి, కుర్త, చెప్పులు బంద్ అంట. ఏందయ్యా, బువ్వ తినెతందుకు పోతున్నరా, కోర్టుకు పోతున్నరా?"

ఆమె తమ్ముడు అక్కడే ఉన్నాడు. అతనివి ఎనిమిది మగ్గాలు. ఆ పదకొండు మందిలో అతనూ ఒకడు.

"బావా, వరాఛ బజార్ల పెండ్లికోట్లు కిరాయికిస్తరు. నడువు, నీగ్గూడ ఒకటి చూస్త. నాది ఎర్రగున్నది. జర బ్యాండుమేళపోని లెక్క కొడ్తది గని, పర్వలే."

"ఎవడో తొడిగి విడిచిన కోటు నేను తొడుగను."

"అయితే ధోతి కట్టుకొని పో. తలుపుకాడనే ఆపుతరు. హజీర దాక ఈదుకుంట రావచ్చు."

నా భార్య నవ్వింది. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం మగ్గాల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆ నెలలో రెండు బీములు అయిపోయాయి. వాటి చివర, తాకా కొలతకు, అంటే నిండు తాను పొడవుకు, అందని ముక్కలు మిగిలి ఉన్నాయి. మామూలుగా వాటిని మూటకట్టి సేటు గోదాముకు పంపుతాం. అన్నేళ్ళూ పంపాను. ఈసారి పంపలేదు. పడుగు చివరి ముక్క నేసినవాడిది కదా, నేసినవాణ్ణి నేనే కదా అనుకున్నాను. సొంత మగ్గం గుడ్డతో విందుకు వెళ్ళాలంటే నా దగ్గర ఉన్నది అదొక్కటే. రంగుల మిల్లులో తెలిసిన మేస్త్రీ ఒక నల్ల రంగు వాయిలో దాన్నీ వేసి ఇచ్చాడు.

దర్జీ మా కరీంనగర్ వైపు మనిషే. గుడ్డ చేత్తో నలిపి చూసి నా ముఖం చూశాడు.

"అన్నా, ఇది అస్తరు. దీనితోని పైకోటు కుడితె లోపటిది బయటికచ్చినట్టుంటది. మరి లోపట ఏమెయ్యాలె? సూటింగు ఎయ్యన్నా?"

"లోపల కూడా ఇదే వెయ్యి."

"గట్లనా. అయితె ఎటు తిప్పి తొడిగినా ఒక్కటే. చీకట్ల తొడుక్కున్నా తప్పు వోదు."

మూడు రోజుల్లో కుట్టి ఇచ్చాడు. ఈ గుడ్డకు కోసిన చోటల్లా పోగులు జారతాయి కాబట్టి వీలైనచోటల్లా గుడ్డ అంచునే వాడాడు. కోటు ముందుభాగం లోపలి వైపు, గుండీల వెంట, ఆ అంచు నిలువునా కనబడుతుంది. అందులో రెండు తెల్లని పోగులు. అవి సేటు గుర్తు. తన సరుకు రంగుల మిల్లులో వేరేవాళ్ళ సరుకుతో మారిపోకుండా పాలియెస్టర్ పడుగు అంచున రెండు పత్తి నూలు పోగులు పెట్టిస్తాడు. పాలియెస్టర్‌కు పట్టే రంగు పత్తికి పట్టదు. గుడ్డ ఎంత నల్లబడినా ఆ రెండూ తెల్లగానే ఉంటాయి. నేను చూశాను. దాచమని దర్జీకి చెప్పలేదు. దాచాల్సిన అవసరం నాకు కనబడలేదు.

ఓడ ఎక్కేటప్పుడు ఇంకా ఎండ ఉంది. పై అంతస్తులో గాలికి నా కోటు నాలుగు వైపులా ఉబ్బింది. చేతులతో నొక్కిపట్టుకుని నిలబడ్డాను. భోజనశాల తలుపు దగ్గర ఒకతను అందరి కాళ్ళూ చూస్తున్నాడు. నా బూట్లు చూసి తల ఊపి, కోటు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళమన్నాడు. మేం పదకొండు మందిమీ సూట్లలోనే వచ్చాం. చేతులు పొట్టివైనవి, భుజాలు జారినవి, జేబు మీద జరీ పువ్వులున్నవి. నా బావమరిది ఎర్రకోటు దీపాల కింద ఇంకా ఎర్రగా ఉంది. సేటు మాత్రం తెల్లటి టీషర్టు వేసుకుని, పరుగు బూట్లతో వచ్చాడు. ఆయన్ను తలుపు దగ్గర ఎవరూ ఆపలేదు.

సూపు వచ్చింది, రొట్టె వచ్చింది. నేను వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుని తిన్నాను. విందులో అలా కూర్చోవడం మా తాత నేర్పింది. ఒంటి మీద సొంత మగ్గం గుడ్డ ఉంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఒక్క గంట నాకు ఏ లోటూ అనిపించలేదు.

సేటు ఒక్కొక్క బల్ల దగ్గరికీ వచ్చి భుజాల మీద చేతులు వేస్తున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు. బట్టల వ్యాపారి చెయ్యి అది. మాట్లాడుతూనే బొటనవేలితో గుడ్డను రుద్దాడు. ఆయన మాట్లాడింది హిందీలో. నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

"అరే కాకా! అందరికంటే మీరే మెరుస్తున్నారు. ఏ దుకాణంలో కుట్టించారు?"

"లింబాయత్‌లో మా దర్జీ కుట్టాడు."

ఆయన నవ్వుతూనే కోటు ముందుభాగం వేళ్ళతో తిప్పాడు. రెండు తెల్ల పోగులు కనిపించాయి. నవ్వు ఆగిపోలేదు గానీ కళ్ళు అక్కడే నిలిచాయి. పక్క కుర్చీలోంచి నా బావమరిది మోకాలితో పొడిచి తెలుగులో గొణిగాడు.

"రింగ్ రోడ్ల కొన్న అని అను బావా. ముక్కలమ్మే ఫెంట్ల బజార్ల దొరుకుతది గీ మాలు. అను జెల్ది."

అనవచ్చు. సేటు కూడా ఆ మాట కోసమే ఆగాడని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ సొంత మగ్గం గుడ్డను బజారులో కొన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నా మగ్గాల మీద నేసిందే," అన్నాను.

"నూలు ఎవరిది, కాకా?"

"మీదే. బీము చివర మిగిలిన ముక్కలివి. మా వైపు చివరి ముక్క నేసినవాడిది. మా తాత కాలం నుంచీ ఆచారం. మా తాత తన దగ్గర నేసేవాళ్ళకు ఇచ్చేవాడు."

సేటు కోటు సరిచేసి, గుండీ కూడా ఆయనే పెట్టాడు.

"ఇచ్చేవాడు కదా," అన్నాడు. "వాళ్ళు తీసుకునేవాళ్ళు కాదు కదా. మీరు అడిగి ఉంటే తాకాకు తాకానే ఇచ్చేవాణ్ణి."

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. బల్ల దాటి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పడుగు అయిపోయిన రోజు నేసినవాడు మా తాత అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడేవాడు. "ముక్క ఇప్పియ్యుండ్రి పటేలా," అనేవాడు. తాత కత్తెర తెప్పించి, తన చేత్తో కోసి ఇచ్చేవాడు. నేను చిన్నప్పుడు అరుగు మీద, ఆయన పక్కన కూర్చుని అదంతా చూసినవాణ్ణి. ఆ ఆచారంలో అడగడం కూడా ఒక భాగమని, కింద నిలబడ్డవాడికి తెలిసినట్టు నాకు తెలియలేదు. నేసినవాడి హక్కు అన్నప్పుడే నేను ఆ అరుగు దిగి కింద నిలబడ్డాను. అదీ చేతులు కట్టుకోకుండా.

ఐస్‌క్రీమ్ పెట్టాక సేటు మూడు పేర్లు చదివాడు. మూడోది నా బావమరిదిది. అతను లేచి నమస్కారం పెట్టి కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"బావా, రేపు నేను సేటుతోని మాట్లాడ్త. పాతమనిషి, తెల్వక చేసిండని చెప్త. నువ్వొచ్చి ఒక్క మాట తప్పైందను. చాలు."

"నువ్వు మాట్లాడొద్దు."

"నీ ఇజ్జత్ సల్లగుండ! సాంచెలు ఆగితె ఆ ఇజ్జతును ఉడకబెట్టుకొని తింటవా?"

ఓడ వెనక్కి తిరిగింది. హజీరా దీపాలు దగ్గరయ్యేవరకూ నేను పై అంతస్తులో కోటు నొక్కిపట్టుకుని నిలబడ్డాను.

ఇంట్లో నా భార్యకు అంతా చెప్పాను. ఆమె కోటును కొక్కేనికి తగిలిస్తూ అడిగింది.

"అడిగితె నోరు అరుగుతుండెనా? పోయి రెండు గజాలు ఇయ్యమంటె అయిపోతుండె గద."

ఆ తర్వాత రెండు వారాలు రోజూ ఉదయం రింగ్ రోడ్‌కు వెళ్దామనే చొక్కా వేసుకున్నాను. ఒకసారి మార్కెట్ మెట్ల దాకా వెళ్ళాను. గోనె మూటలు మోసే కూలీలు పక్కకు జరగమని అరుస్తుంటే జరిగి, జరిగినచోటి నుంచే వెనక్కి వచ్చాను. సేటు మీద నాకు కోపం లేదు. ఆయన ఒక్క మాట కూడా తప్పు అనలేదు. నేనూ అబద్ధం చెప్పలేదు. అయినా దీన్ని సరిచేసే దారి నాకు అప్పుడూ కనిపించలేదు, ఇప్పుడూ కనిపించడం లేదు.

బీములు ఒక్కొక్కటే అయిపోయాయి. ఒక మగ్గం ఆగినప్పుడల్లా షెడ్డులో చప్పుడు కొంచెం పలచబడేది. నాలుగు మగ్గాలు మిగిలినప్పుడు మనిషి మాట వినబడటం మొదలైంది. అలవాటు లేక, నేనూ పనివాళ్ళూ అప్పటికీ అరుస్తూనే మాట్లాడుకునేవాళ్ళం. ఆఖరి బీము నేనే దగ్గరుండి నేయించాను. చివర నాలుగు మీటర్ల ముక్క మిగిలింది. దాన్ని మడిచి, మూటకట్టి, సేటు గోదాముకు పంపించాను. గోదాము నుంచి ముట్టినట్టు సంతకం వచ్చింది.

మా నాన్న వేయించిన పచ్చరంగు ఆ మగ్గాల మీద అక్కడక్కడా ఇంకా ఉంది. సచిన్ నుంచి వచ్చిన తుక్కు వ్యాపారి మనుషులు రెండు రోజుల్లో అన్నింటినీ విప్పేశారు. పన్నెండు మగ్గాలూ పాత ఇనుము కింద తూకానికి అమ్మాను. మోటార్లు విడిగా అమ్ముడుపోయాయి.