సుత్తి పట్టనివ్వని రాజమల్లు

నాంపల్లిలో రాజమల్లు షెడ్డుకు ఎక్కువగా పాతకాలపు కార్లే వస్తాయి. మెదక్ దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చి, లారీల కింద దూరి పని నేర్చుకున్న మనిషి. సాధారణంగా ఎవరినీ పల్లెత్తు మాట అనడు.

మొన్న హిమాయత్‌నగర్ నుంచి శశికిరణ్ తన తాతగారి కారు తెచ్చాడు. వెనక చక్రం నడిమి దిమ్మ, అదే హబ్, ఊడి రావడం లేదు. అతని చేతిలో కొత్తగా కొన్న ఇనుప టోపీ ఒకటి ఉంది. దాన్ని ఇరుసు కొనకు బిగించి సుత్తితో కొడితే హబ్ వదులుతుందట.

"ఆదివారం పాత కార్ల ర్యాలీ ఉందండీ. రెండు దెబ్బలు వేస్తే అయిపోతుంది."

రాజమల్లు ముఖం ఎర్రబడింది. "రెండు దెబ్బలా? గవి లోపల బేరింగుకు తగుల్తయి సార్! గిట్ల కొట్టనీకేనా మీ తాత గిన్నేండ్లు కాపాడింది?"

"వేరే షెడ్డులో అయితే కొట్టేస్తారు."

"కొట్టినోనికేం ఫికర్? బండి ఖరాబైతది!"

రాజమల్లు గోడకున్న పుల్లర్, హబ్‌ను లాగే పనిముట్టు, తీసి దాని మూడు కాళ్లను చక్రం బోల్టులకు బిగించాడు. హబ్ ఎగిరి పడకుండా ఇరుసు నట్టును పూర్తిగా తీయకుండా కొసన ఉంచాడు. పుల్లర్ నడిమి మరను కొంచెం తిప్పడం, కాసేపు ఆగడం. ఓ గంట తర్వాత ఠంగుమని హబ్ వదిలింది. లోపల బేరింగు పగిలి ఉంది.

"ఎవడు కొట్టిండు దీన్ని?" రాజమల్లు అరిచాడు.

శశికిరణ్ తల దించుకున్నాడు. "నిన్న ఇంట్లో నేనే..."

"జర అడిగితే ఏం పోయేది సార్!" అన్నాడు రాజమల్లు. కోపం తగ్గకున్నా, పగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా ఏరసాగాడు.