ఎర్ర రంగు మీద మూడు పూతలు

వెల్ల వేసే మా అక్కగారు పోయిన సంగతి నాకు చావు కబురుగా రాలేదు. ఆవిడ అద్దెకున్న ఇంటి యజమాని పొద్దున్నే ఫోన్ చేసి, "పెద్దాసుపత్రి నుంచి ఇటు తేవద్దని మీవాళ్లకి చెప్పండి మేష్టారూ. మా అమ్మాయికి ముహూర్తం పెట్టుకున్నామండి, ఆయ్," అన్నాడు. ఏం తేకూడదో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. మేష్టారనడం ఆయన మర్యాద. నేను నాలుగో తరగతి దాటని సైకిలు మెకానిక్కుని. పంక్చర్లకు వచ్చినవాళ్ల దగ్గర పాత పుస్తకాలు అడిగి చదువుకున్నాను, అంతే.

అక్కగారు నాకు చుట్టం కాదు. అమలాపురంలో కాలువ గట్టున మా ఇళ్లు పక్కపక్కనే ఉండేవి. ఆవిడ చర్చికి, నేను గుడికి. వానాకాలం కాలువ మాత్రం ఆ తేడా చూడకుండా ఇద్దరిళ్లలోకీ వచ్చేది. ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. గుల్లసున్నం కుండలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త గంజి, చిటికెడు నీలిమందు కలిపేవారు. కొబ్బరి పీచు కుంచె ఆవిడే కట్టుకునేవారు. నేతవాళ్ల ఊరు బండారులంక నుంచి కూడా పిలుపొచ్చేది. మగ్గం మీది చీరకు చుక్క అంటకుండా పక్కగోడకు సున్నం కొట్టడం ఆవిడకే చెల్లింది. మగ్గాల సంగతి మొదలుపెడితే సాయంత్రమవుతుంది, వదిలేద్దాం. మొదటి పూత చూసి ఎవరైనా పెదవి విరిస్తే ఒకటే మాట: "తడిగోడకి తీర్పు చెప్పకూడదండి. ఆరనివ్వండి."

మూడేళ్ల కిందట, గట్టు బాగు చేస్తాం, ఇళ్లు తీసేసి ఊరి చివర జాగాలిస్తాం అన్నారు సర్కారువాళ్లు. కార్తీకంలో కొందరొచ్చి తలుపుల పక్కన ఎర్ర ఆయిలు పెయింటుతో నంబర్లు వేసి వెళ్లారు. ఆవిడది అరవై మూడు, నాది అరవై నాలుగు. తరవాత వచ్చేవాళ్లు ఆ నంబర్లు చూసి జాగాలకు పేర్లు రాసుకుంటారట. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదేమో, కొత్త జాగా ఎంత దూరమన్నదే అందరి గోల.

ఈలోగా క్రిస్మస్ వచ్చింది. క్రిస్మస్‌కి ఇంటికి వెల్ల వేయకపోవడం ఆవిడ ఎరగరు. ఆయిలు పెయింటు మీద సున్నం నిలవదు, పెచ్చులూడుతుంది. ఇంకొకరైతే అక్కడితో వదిలేద్దురు. ఆవిడ ఇటుకముక్కతో ఆ ఎరుపును గరుకుగా రుద్ది, గంజి ఎక్కువేసి, మూడు పూతలు కొట్టారు. నన్ను పిలిచి, కనిపిస్తోందా తమ్ముడుగారూ అని అడిగారు. దీపం పెట్టి వెతికినా కనపడదండీ అని మెచ్చుకున్నది నేనే. సున్నం మిగిలింది, మీ గోడ కూడా కొట్టేస్తానన్నారు. సైకిళ్లన్నీ జరపాలి. నాకు బద్ధకం. వచ్చే నెల చూద్దామన్నాను.

కొత్త సంవత్సరంలో రెండో జట్టు వచ్చింది. అక్కగారి గుమ్మం ముందు ఆగి, ఒకాయన గోడను పైనుంచి కిందకు చూశాడు.

"ఇది జాగా కోసం మొన్న కట్టిన ఇల్లండి. ఎంత తెల్లగా ఉందో చూడండి," అన్నాడు పక్కాయనతో.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ, గీకి చూపిస్తాను. లోపలుందండి నంబరు," అన్నారు అక్కగారు.

వాళ్లు నవ్వి నా ఇంటికొచ్చారు. నా గోడ మీద మసి, గ్రీజు, మధ్యలో అరవై నాలుగు. పేరు రాసుకున్నారు. అక్కగారు గరిటెతో సాయంత్రం దాకా గీకుతూనే ఉన్నారు. మంచి పనితనం, తొందరగా ఊడిరాలేదు.

అర్జీలు నేనే రాశాను. ఫలించలేదు. ఇల్లు కూల్చిన రోజున ఆవిడ రెండు ఇటుకలు ఏరుకున్నారు. ఒకదాని మీద ఆరు, ఇంకోదాని మీద మూడు. చీరకొంగులో కట్టుకుని ఆఫీసుకు వెళితే, బల్ల వెనకాయన వాటిని తిప్పి చూసి, "ఇటుకలకి పట్టా ఇవ్వరమ్మా," అన్నాడట. ఆ మాట ఆవిడే నాకు నవ్వుతూ చెప్పారు. తరవాత అద్దె వసారాలో ఆ రెండిటికీ మరోటి కలిపి పొయ్యి పెట్టుకున్నారు. ఊరి చివర నా కొత్తింటికి చెప్పకుండానే కుంచె పట్టుకుని వచ్చి వెల్ల వేసి వెళ్లారు. "ముందు నంబరు ఎక్కడుందో చూసుకోండి," అన్నారు కుంచె ముంచుతూ.

ఆవిడ పోయిన రోజున అద్దింటి యజమాని అటు తేవద్దన్నాడు. మా ఇంటికి తెద్దామంటే, మా వీధిలో రెండు గృహప్రవేశాలున్నాయని మా అబ్బాయి నసిగాడు. నేను గట్టిగా మాట్లాడలేకపోయాను, రాయక తప్పదు. చివరికి చర్చివాళ్లు ఆవిడను కాలువ గట్టుకే తెచ్చారు. ఇప్పుడక్కడ నడిచేవాళ్ల కోసం పలకలు పరిచిన బాట ఉంది. ఆవిడ ఇల్లున్న చోట పడుకోబెట్టి, చుట్టూ దుప్పట్లు పట్టుకుని స్నానం చేయించారు. నడకకొచ్చిన ఒకాయన, ఎంతసేపు పడుతుందండీ అని మర్యాదగా అడిగి, అటునుంచి అటే వెనక్కి తిరిగాడు.

యజమాని ఆవిడ వసారా సామాను వీధిలో పెట్టేశాడు. కుండ, కుంచె, మూడు ఇటుకలు. తడిగుడ్డతో తుడిస్తే మసి పోయింది, ఎరుపు పోలేదు. ఆరు, మూడు ఉన్న ఆ రెండిటినీ సమాధి తలాపున వరసగా పాతాం. ఏటా సమాధుల పండక్కి అక్కడ అన్నిటికీ ఆవిడే వెల్ల వేసేవారు. ఈసారి వేయబోయేవాళ్లని కలిసి, మట్టిదిబ్బకి వేసుకోండి కానీ ఆ రెండు ఇటుకల మీద మాత్రం చుక్క పడనివ్వకండని చెప్పి వచ్చాను.