నీళ్లలో సున్నం

సాగర్ డ్యాము కట్టే రోజుల్లో మా మాచర్ల వైపు కుర్రాళ్లకు పని వెతుక్కునే బాధ ఉండేది కాదు. మాలాంటివాళ్లకు ఊరు వెతుక్కునే బాధే మిగిలింది. మా ఊరు ఆ డ్యాము నీళ్ల కిందికి పోయింది. ఊరిని ముంచిన ప్రాజెక్టులోనే నాకు స్టోర్సు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఖాకీ నిక్కరు వేసుకుని, డ్యామంతా నేనే కడుతున్నట్టు తిరిగేవాణ్ణి.

ఇల్లు పోయినందుకు మా నాన్న ఏడవలేదు. "మట్టిగోడలేగా, యాడైనా లేస్తాయి" అన్నాడు. ఆయన్ని తినేసింది అమ్మ సమాధి. నవంబరులో సమాధుల పండుగకు ఏటా దానికి సున్నం కొట్టి, కొవ్వొత్తి వెలిగించి, పక్కనే తన కోసం ఉంచుకున్న జాగాలో కూర్చుని అమ్మతో మాట్లాడి వచ్చేవాడు. (బతికున్నప్పుడు ఆమె మాట్లాడేది, ఈయన వినేవాడు. అక్కడ మాత్రం ఈయనదే రాజ్యం.) వెల్ల వేయని గోడ చూస్తే అమ్మకు ఒళ్లు మంట. నీళ్లు వచ్చిన ఏడాది పండుగ అలాగే వెళ్లిపోయింది. నాన్నకు అన్నం సహించడం మానేసింది.

ఆ చలికాలంలోనే డ్యాము తలుపుల్ని నీళ్ల అడుగున చూడటానికి విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. వీపున గాలి సిలిండరు, కాళ్లకు బాతుపాదాల్లాంటి రబ్బరు జోళ్లు. మేం చేప సారు అనేవాళ్లం. ఆయన సామాను నా స్టోర్సులోనే ఉండేది, అలా స్నేహం కుదిరింది. నాన్న గోడు చెబితే, "శ్మశానం దిబ్బ మీదేగా, లోతు తక్కువే. ఆదివారం నిన్ను దింపుతా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే నాన్న మూతపెట్టిన పాలక్యాను, ఈతమట్ట కుంచె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏంది నాన్నా ఇది?"

"సున్నంరా. మీ అమ్మ దగ్గరికి ఉత్తచేతుల్తో పోతావా?"

"నీళ్లల్లో సున్నం నిలుస్తదా?"

"తుమ్మజిగురు చానా కలిపాలే. అంతంత వానలకే కారలేదు, కదలకుండా ఉన్న నీళ్లకేమవుద్ది?"

క్యాను అందుకుని రేవులో ఉన్న పుట్టిలో పెట్టాను. నిజం చెప్పొద్దూ, నిలుస్తుందేమోనని నాకూ ఆశ పుట్టింది.

నీళ్లపైకి మిగిలిన కొండకొమ్ముల్ని గుర్తుపట్టి, పుట్టి ఎటు పోవాలో నాన్నే చెప్పాడు. చేప సారు నా వీపుకు ఇంకో సిలిండరు, మొహానికి అద్దం తగిలించి, "నోటితోనే ఊపిరి తీసుకో. నా పక్కనే ఉండు. లోపల నవ్వకు, ఏడవకు" అన్నాడు.

కృష్ణ నీళ్లు చలికి ఎముకల్ని కొరికాయి. వాగులో ఈత కొట్టిన నా మొనగాడితనం అక్కడే జారిపోయింది. మసకలో ముందు సిలువ కనిపించింది. అమ్మదే. ఒండ్రు పట్టి ఉంటే అరచేత్తో తుడిచాను. చిన్నప్పుడు చెంగుతో నా మొహం తుడిచేది. చేప సారు వద్దన్న రెండో పని చేశాను. అద్దం మసకబారింది. క్యాను మూత తీసి కుంచె ముంచానో లేదో, సున్నమంతా మజ్జిగ ఒలికినట్టు లేచింది. సిలువ లేదు, చేప సారు లేడు, నా చెయ్యి నాకే కనపడలేదు. ఆయన నా జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

"కనపడిందా?" అన్నాడు నాన్న, పుట్టిలోంచి వంగి.

"కనపడింది."

"సున్నం నిలిచిందా?"

పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నాన్న పుట్టి చుట్టూ తెల్లబడ్డ నీళ్లు చూశాడు.

"పోనీలేరా. ఒక్క మీ అమ్మకే వేస్తే పక్కనోళ్లు ఏమనుకుంటారు? అందరికీ పడిందిలే" అని నవ్వబోయి, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ కండువా చాటునుంచే అడిగాడు, "నా జాగా ఎట్టుందిరా?"

"ఖాళీగానే ఉంది నాన్నా."

నాన్న పోయాక ఆయన్ని మాచర్ల శ్మశానంలో పెట్టాం. ఏటా పండుగకు వెళ్లి, తుమ్మజిగురు కలిపి సున్నం కొడతాను. మిగిలింది పారబోయను. ఆయన పక్కన అమ్మకని ఉంచిన ఉత్త నేలకు పూసి, అక్కడా ఓ కొవ్వొత్తి వెలిగిస్తాను. "మట్టికి వెల్లేంది, నీకేమన్నా పిచ్చా?" అంటుంది మా ఆవిడ. నవ్వుతాను. నీళ్లకే వేసి వచ్చిన ఖాకీ నిక్కరు కుర్రాడికి మట్టి ఒక లెక్కా?