మా బిడ్డ డోలక్ కొడితె

మా బిడ్డ డోలక్ నేర్చుకున్న ఇల్లు సిరిసిల్లల ఉన్నది. ఇప్పుడు మేం గా ఇంట్ల ఉంటలేం. ఆ వాడకు మళ్ల పోలే గూడ. ఎప్పుడన్న బస్సుల అటు కెళ్లి పోవాల్సి వస్తె నా బిడ్డ కిటికీ దిక్కు నుంచి మొఖం తిప్పుకుంటది. నేను ఏమడగ.

అప్పుడది నాలుగో తరగతి. మా ఆయన సాంచల మీద పని చేస్తుండె. మా దగ్గర మరమగ్గాలను సాంచలంటరు. నేను స్కూల్ డ్రెస్సులు కుట్టే షెడ్డుకు పోతుంటి. ఒక్కటే వాకిలి, రెండు పోర్షన్లు. ఒకదాంట్ల మేం, ఇంకొకదాంట్ల ఒక పెద్దమ్మ. వాడంత ఆమెను పెద్దమ్మనే పిలుస్తుండె. నా బిడ్డ గూడ గట్లనే పిలిచేది.

పిల్లకు ఏదన్న వాయించుడు నేర్పియ్యాలెనని నాకు మస్తు కోరిక. మొదలు కీబోర్డు క్లాసుకు పంపిన. ఆ సారు తప్పు పోయినప్పుడల్ల మళ్ల మొదటి నుంచి కొట్టిపిస్తుండె. కొన్ని రోజులకు క్లాసు ఉన్న రోజు పొద్దుగాల్నే కడుపునొస్తుందని పండుకునుడు షురూ చేసింది. అది అబద్ధం కాదు, నిజంగనే నొస్తుండె. మాన్పిచ్చిన.

ఎండకాలం సెలవులల్ల కోరుట్లకు, మా అమ్మగారింటికి తీస్కపోయిన. మా తమ్ముడు అక్కడ బ్యాటరీల దుకాణంల పని చేస్తడు. పని అయిపోయినంక పొద్దుమీకి భజనల డోలక్ కొడుతడు. నేర్చుకుంటవా అని వాడు పిల్లను అడగనే లేదు. అన్నం తినుకుంట పళ్లెం మీద వేళ్లతోని కొట్టి, "గిదేందో చెప్పు" అన్నడు. అది తెల్వదన్నది. "సర్వపిండి, సర్వపిండి" అని నోటితోని అనుకుంట మళ్ల కొట్టిండు. పిల్ల పడి పడి నవ్వింది. తెల్లారి నుంచి మక్కగారె, పచ్చిపులుసు, కోడికూర, అన్నీ డోలక్ మీదికి వచ్చినయ్. సెలవులు అయిపోయేసరికి పాత చిన్న డోలక్ ఒకటి పిల్ల చేతిల పెట్టి, నాతోని ఒక్క మాట చెప్పిండు.

"అక్కా, ఇంకా కొడుత అంటున్నప్పుడే ఆపు. చాలనిపిచ్చేదాక కొట్టనియ్యకు. తప్పు పోతె దిద్దకు, నవ్వు."

గట్లనే చేసిన. షెడ్డు నుంచి వచ్చి నేను కూరగాయలు కోస్తుంటె, అది వాకిట్ల కూసోని ఇయ్యాల ఏం కూరనో అడిగి, ఆ కూర కొడుతుండె. బెండకాయ ఒక తీరు, బీరకాయ ఇంకో తీరు. నేను గిన్నె మూత మీద గంటెతోని జత కలిపేదాన్ని. ఆ సప్పుడుకు పెద్దమ్మ బయటికి వచ్చి తన గడప మీద కూసునుడు మొదలువెట్టింది. అంతకు ముందటేడు ఆమె ఒక్కగానొక్క కొడుకు వేములవాడ నుంచి బండి మీద వస్తుంటె లారీ గుద్ది సచ్చిపోయిండు. అప్పటి నుంచి ఆమె ఎవ్వరితోని సరిగ మాట్లాడుతలేదు. నా బిడ్డ డోలక్ ఇని ఆమె జెర నవ్వంగ చూసి, మంచిదే అనుకున్న.

వానకాలం. ఒక శుక్రవారం పొద్దుమీకి కరెంటు పోయి వాడల ఉన్న సాంచలన్నీ బందయినయ్. ఎప్పుడు ఆగని ఆ మోత ఆగిపోతె చెవులు గుయ్యిమంటయ్. ఆ నిశ్శబ్దంల నా బిడ్డ డోలక్ ఒక్కటే ఇనవడుతుండె. మా తమ్ముడు ఫోన్ల చెప్పిన కొత్త నడక, జోరుగ కొట్టాలె. ఉత్సాహంగ కొడుతున్నది. నేను పొయ్యి కాడ నుంచి తల ఎత్తి చూసేసరికి పెద్దమ్మ తల ఊగుతున్నది. కొప్పు ఊడిపోయింది. పండ్లు కొరుకుతున్నది.

సిగం ఊగుడు నేను చూడంది కాదు. పోచమ్మ కాడ, బోనాల కాడ ఆడోళ్ల మీదికి దేవుడు వచ్చుడు చిన్నప్పటి సంది చూసిన. కని ఇక్కడ బోనం లేదు, గుడి లేదు. పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ కోస్తున్న నేనున్న, అంతే. పెద్దమ్మ మొగగొంతుతోని, "అమ్మా, నాకు ఆకలైతుంది" అన్నది. నా బిడ్డ చేతులు ఆగినయ్. చేతులు ఆగంగనే పెద్దమ్మ పక్కకు పడిపోయింది.

తెల్లారి ఆమె నా దగ్గరికి వచ్చి, బియ్యం ఏరుతున్న నా చెయ్యి పట్టుకున్నది. చెయ్యి సల్లగ ఉన్నది.

"నిన్న నా కొడుకు వచ్చిండు బిడ్డా. పిల్ల కొడితెనే వచ్చిండు. ఇంకొక్కసారి కొట్టుమను."

కొడుకును పోగొట్టుకున్న తల్లికి కాదని ఎట్ల చెప్తరు. నా బిడ్డనే, "కొడుత పెద్దమ్మా" అన్నది.

ఇంకొక్కసారితోని అయిపోలే. పెద్దమ్మ చుట్టపామె ఒకామె వచ్చి, సిగంల ఉన్నప్పుడు ఏదో అడిగింది. చెప్పిన మాట నిజమైందట. దాంతోని కొడుకు పోయి దేవుడైండు. మంగళవారం, శుక్రవారం మా వాకిట్ల నిలవడ జాగ లేకుంట అయింది. ఎవరో డోలక్కు పసుపు రాసి కుంకుమ పెట్టిండ్రు. ఎవరో పిల్ల చేతికి దారం కట్టిండ్రు. ఒక ముసలామె వంగి కాళ్లు మొక్కవోతె నా బిడ్డ కాళ్లు రెండు లంగ లోపటికి గుంజుకున్నది.

కూర ఆట బందయింది. ఒకరోజు ఎవ్వరు లేంది చూసి, బెండకాయ కొట్టవా అని నేనే అడిగిన. నాకోసం ఒక్క చుట్టు కొట్టింది. కొట్టినంతసేపు పెద్దమ్మ తలుపు దిక్కే చూసింది. తర్వాత నా ఒళ్ల తల పెట్టి అడిగింది, "అమ్మా, నేను కొట్టకుంటె పెద్దమ్మ కొడుకు ఏడికి పోతడు?"

మా ఆయనతోని చెప్పిన. సాంచల సేటు గూడ వచ్చి దండం పెట్టి పోయిండు, ఇప్పుడు వద్దంటె ఏమనుకుంటరో అన్నడు. "పెద్దమ్మ గిప్పుడే జెర కడుపునిండ తింటున్నది, కండ్లనిండ పండుకుంటున్నది. చూద్దాం తియ్" అన్నడు. అది గూడ నిజమే. అందుకే నాకు ఇంకా భయమైంది. మా తమ్మునికి ఫోన్ చేసిన. వాడు డోలక్ పలిగిందని చెప్పుమన్నడు, సోమవారం వచ్చి తీస్కపోత అన్నడు.

సోమవారం రాకముందే అయింది. శనివారం నేను షెడ్డు నుంచి వచ్చేసరికి వాకిలి ఖాళీగ ఉన్నది. పెద్దమ్మ తలుపుకు తాళం ఉన్నది. గోడకు డోలక్ వేలాడదీసే మొల వట్టిదే ఉన్నది. మా ఆయన నైటు డ్యూటీ చేసి పండుకున్నోడు లేచి, కోనరావుపేట నుంచి ఒకాయన ఆటో తీస్కొని వచ్చిండని చెప్పిండు. ఆయన భార్యకు బాగలేదట, పెద్దమ్మను రమ్మన్నడట.

"పిల్లను గూడ పంపిన. పెద్దమ్మ ఉన్నది కదా" అన్నడు. అనుకుంటనే ఆయన మొఖం మారింది.

నేను అక్కడ నిలవడలే. దొరికిన ఆటో ఎక్కి పోయిన. ఆ ఊర్ల ఇల్లు అడగాల్సిన పని పడలే. సందు మొదట్లనే డోలక్ ఇనవడ్డది. ఎడమచెయ్యి ఎనుకవడుతున్నది. నా బిడ్డ అలిసిపోయిందని ఆ సప్పుడుతోనే నాకు తెలిసింది.

వాకిట్ల మంది. నడుమ మంచం మీద నా ఈడు ఆడామె. మీద దుప్పటి, దుప్పటి మీద యాపమండలు. కండ్లు సగం తెరిచి ఉన్నయ్, శ్వాస ఉరుకుతున్నది. పెద్దమ్మ ఊగుతున్నది. కొత్త చీర పరిచి దాని మీద నా బిడ్డను కూసోవెట్టిండ్రు. నొసటి మీది కుంకుమ చెమటకు ముక్కు మీదికి కారింది. నన్ను చూసింది కని చేతులు ఆపలే. ఆపొచ్చునా అని కండ్లతోని అడుగుతున్నది.

ఎదురుంగ కూసోని దాని చేతుల మీద నా చేతులు పెట్టిన. ఎర్రగ కంది ఉన్నయ్. సప్పుడు ఆగింది. పెద్దమ్మ కూలవడ్డది. ఆ మంచం మీదామె భర్త నా దిక్కు చూసి మెల్లగ అన్నడు, "నడుమల ఆపినవ్ అమ్మా."

ఆమె నొసలు ముట్టుకున్న. పెనం లెక్క కాలుతున్నది. దవాఖానకు తీస్కపోవాలె అన్న. ఎవ్వరు కదలకపోతె నేనే 108కు ఫోన్ చేసిన. బండి వచ్చి ఆమెను ఎక్కిచ్చుకునేదాక బిడ్డను ఒళ్ల పెట్టుకోని అక్కడనే కూసున్న. తిరిగి వచ్చేటప్పుడు బస్సుల అది నిద్రవోయింది. నిద్రల గూడ దాని వేళ్లు కదులుతనే ఉన్నయ్.

ఆమె బతకలే. చాన ఆలస్యం చేసిండ్రని దవాఖానల చెప్పిండ్రట. మా వాడల మాత్రం ఇంకో మాట తిరిగింది. నడుమల ఆపిండ్రు, అందుకే పోయింది. నా బిడ్డ కాళ్లు మొక్కినోళ్లే అది వస్తుంటె తమ పిల్లలను లోపటికి పిలుచుకునుడు మొదలువెట్టిండ్రు. ఒకరోజు పొద్దుగాల మా గడప ముంగట కోసిన నిమ్మకాయ, ఎర్రగ కుంకుమ. పిల్ల లేవకముందే ఊడ్చిన. ఎనుకకు తిరిగితె తలుపు కాడ నిలవడి చూస్తున్నది.

"మొత్తం కొడితె ఆమె బతికేదా అమ్మా?"

"లేదు బిడ్డా. జ్వరానికి మందు కావాలె. డోలక్ మందు కాదు."

ఇన్నది. "మరి పెద్దమ్మ కొడుకు?" అన్నది. చీపురు పక్కకు పెట్టి దాన్ని లోపటికి తీస్కపోయిన.

జగిత్యాలకు వచ్చేసినం. మా ఆయన ఒక బట్టల దుకాణంల కుదిరిండు. ఆ శనివారం ముచ్చట ఆయన ఎన్నడు తియ్యలే, కని సామాన్లు సదిరేటప్పుడు డోలక్కును దుప్పట్ల చుట్టి, తీస్కపోదామా, ఇక్కడనే వదిలేద్దామా అని బిడ్డనే అడిగింది ఆయననే. తీస్కపోదాం అన్నది. బండి కదిలేముందు పెద్దమ్మ గడప కాడికి వచ్చింది. పిల్ల దిక్కు చూడలే. "వాడింక రాడు బిడ్డా" అని నాతోని ఒక్క మాట అని లోపటికి పోయింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలెనని చాన చూసిన. రాలే.

జగిత్యాలల చాన రోజులు డోలక్ దుప్పట్లనే ఉన్నది. మా తమ్ముడు వచ్చినప్పుడు కొట్టుమని అనలే. తాళ్లు వదులైనయని ఇప్పిండు, ఒక కొస పట్టుకొమ్మని పిల్లను పిలిచిండు. ఇద్దరు కలిసి గుంజి బిగిచ్చిండ్రు. బిగిసిందో లేదో చూసేతందుకు అది వేలితోని ఒక్కసారి తట్టింది. చాలన్నడు వాడు, డోలక్ పక్కకు పెట్టి చాయ తాగవోయిండు. గట్ల జెర జెర చేతులు మళ్ల వచ్చినయ్. తలుపు గొళ్లెం పెట్టుకోని, మెల్లగ. నేను పక్కకు కూసోని బట్టలు కుట్టుకునేదాన్ని. మెచ్చుకునుడు గూడ బంద్ చేసిన. మెచ్చుకుంటె తల ఎత్తి చుట్టూ ఎవరన్న ఉన్నరా అని చూస్తుండె.

ఇప్పుడది ఏడో తరగతి. మొన్న బడిల బతుకమ్మ ఆడేటప్పుడు డోలక్ కొడుతవా అని టీచరు అడిగింది. నేను అవుననలే, కాదనలే. కొడుత అని అదే చెప్పింది. పోయిన. అందరి తల్లులు తమ పిల్లల దిక్కు చూస్తున్నరు. నేను తల్లుల దిక్కు చూస్తున్న. ఎవరి తల ఊగుతున్నదో, ఎవరి కండ్లు మూతవడుతున్నయో. ఏం కాలే. ఒక్కకాడ చెయ్యి తప్పింది, తనకు తానే నవ్వుకోని మళ్ల అందుకున్నది. ఎన్నేండ్లకో దాని మొఖంల ఆ నవ్వు చూసిన.

అయిపోయినంక, చెప్పులు తెద్దామని నేను పక్కకు పోయివచ్చేసరికి ఒకామె నా బిడ్డ చెయ్యి పట్టుకోని, అరచెయ్యి తిప్పి చూస్తున్నది. నేను దగ్గరికి పోయేసరికి చెయ్యి వదిలి మందిల కలిసింది.

"ఏమడిగింది?"

"మీ ఇల్లు ఏడ అని అడిగింది. వాళ్లింట్ల ఎవరికో బాగలేదట."

"ఏం చెప్పినవ్?"

"చెప్పలే."

డోలక్ నేనే భుజానికేసుకున్న. రోజు వచ్చే తొవ్వ విడిచి, మార్కెట్ ఎనుక నుంచి తిరిగి ఇంటికి నడిచినం. బిడ్డ పక్కపొంటి నడుస్తున్నది. సందు మలిగేముందు ఒక్కసారి ఎనుకకు చూసిన. ఆ ఆడామె దూరంల కరెంటు స్తంభం కాడ ఆగి ఉన్నది, మా దిక్కే చూస్తున్నది.